దేవదానం కాక తట్టిన తలుపులు

ఈ ఉదయం కిటికీ తెరవగానే బొగ్గుపొయ్యి పొగ ముక్కుకు తగిలింది. గోదావరిఖనిలో పుట్టి పెరిగినదానికి ఆ వాసన కొత్తేమీ కాదు. కానీ ఇప్పుడు నా ఛాతీలో కొట్టుకుంటున్నది వేరొకరి గుండె. ఆ గుండె నాకు దక్కేదాకా వెంటపడ్డ మనిషి దేవదానం కాక. పొగ వాసన వస్తే ముందు ఆయనే గుర్తొస్తాడు.

కాక మాకు చుట్టం కాదు, పక్క క్వార్టర్ మనిషి. భూగర్భ గనిలో షిఫ్టు పనినీ, మనుషుల భద్రతనూ చూసే ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అందరికంటే ముందు లోపలికి వెళ్ళి చేతికర్రతో పైకప్పు తట్టి చూసేవాడట. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికితే ఎవరెంత తొందరపెట్టినా మనుషుల్ని అడుగు వేయనిచ్చేవాడు కాదు. ఆయన కింద పనిచేసిన మా నాన్న, "కాక మొండోడు, గందుకే మేం ఇంటికొస్తున్నం" అనేవాడు.

రెండో కాన్పు తర్వాత నా గుండె బలహీనపడింది. మందులతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చాక, గుండె మార్చడం తప్ప గత్యంతరం లేదన్నారు హైదరాబాదు డాక్టర్లు. మెడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం పంపి పరీక్ష చేస్తే, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయి ఉంది. ఆ ఒత్తిడికి ఎదురు కొత్త గుండె నిలవలేదట. మందులతో అది తగ్గితేనే పేరు నమోదు చేస్తామన్నారు. తగ్గకపోతే ఏమిటని అడిగాను. "ముందు తగ్గిద్దాం" అని డాక్టరమ్మ మందుల చీటీ రాసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి కాక దగ్గర కక్కేశాను. "చెడింది గుండె అయితే ఊపిరితిత్తుల మీద పడుతరేంది కాకా? ఇంకో దవాఖానకు పోత."

కాక నిదానంగా అడిగాడు. "గనిల గాలి బయటికి పోయే తొవ్వ రాళ్ళు పడి మూసుకపోయింది. కొత్త ఫ్యాను బిగిస్తే ఏమైతది?"

"కాలిపోతది."

"మరి ముందుగాల ఏం చెయ్యాలె?"

"తొవ్వ సాఫ్ చెయ్యాలె."

"వాళ్ళు చెప్పింది గదే. ఫికర్ చెయ్యకు, సాఫ్ చేద్దాం."

వేళకు మందులు, ఉప్పు, నీళ్ళ కట్టడి నా వంతు. పొగ నా దగ్గరికి రాకూడదని డాక్టర్లు అన్నదే చిక్కు. మా క్వార్టర్ల లైనులో వంట గ్యాసు మీదే గానీ, స్నానానికి నీళ్ళు మాత్రం ప్రతి పెరట్లో బొగ్గుపొయ్యి మీదే కాగాలి. కాక ముందు తన పొయ్యి ఆర్పాడు. "ఈ చలికి చన్నీళ్ళు పోసుకొని సస్తవా?" అని ఆయన భార్య మార్తమ్మ సణిగింది. "సావను, వణుకుత" అని కర్ర తీసుకొని ఇల్లిల్లూ తట్టడానికి బయల్దేరాడు.

గనిలో షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన మా లైనులోని ఓదెలు బావ అడ్డం తిరిగాడు. "బొగ్గుబాయిల బతికేటోళ్ళం, బొగ్గు ముట్టియ్యద్దంటవా కాకా?"

"ముట్టియ్యి. గ్రౌండు అవతల ముట్టియ్యి. నా బిడ్డ తొవ్వల మాత్రం వద్దు."

ఆ చలికాలమంతా క్వార్టర్లకు దూరంగా, గ్రౌండు అవతల అందరికీ ఒకటే పెద్ద పొయ్యి. అందరూ నన్ను తిట్టుకుంటూనే బకెట్లు మోశారు. ఓదెలు బావ అందరికంటే ఎక్కువ తిట్టాడు, ముసలోళ్ళ బకెట్లు కూడా తనే మోశాడు.

పొద్దున్నే కాక నా తలుపు కర్రతో తట్టేవాడు. "పలుకు బిడ్డా."

"ఉన్న కాకా."

ఒకరోజు బాగానే ఉన్నానని కసిరాను. "డొల్లగ పలుకుతున్నవ్. ఆటో పిలుస్తున్న" అన్నాడు. నిజమే, ఒంట్లో నీరు చేరింది, దవాఖానలో చేర్చుకున్నారు.

రెండోసారి పరీక్షలోనూ ఒత్తిడి దిగలేదు. ఇక నా వల్ల కాదని ఏడ్చాను. "ఒక్కపారి తట్టి ఇడిసిపెడితే పైకప్పు సంగతి తెలుస్తదా? మళ్ళ తడుదాం" అన్నాడు. ఆ మరుసటి పరీక్షలో ఒత్తిడి దిగింది. పేరు నమోదయింది. ముక్కూమొహం తెలియని ఒక కుటుంబం తమ పుట్టెడు దుఃఖంలో నాకు గుండె ఇచ్చింది.

ఆపరేషనయి నేను ఇల్లు చేరిన మర్నాడు మళ్ళీ కర్ర చప్పుడు. "పలుకు బిడ్డా."

"ఉన్న కాకా."

"ఖంగుమంటున్నది" అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పోయిన ఎండాకాలం కాక పోయాడు. మార్తమ్మ ఆ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ ఉదయం పొగ మూల క్వార్టర్లోంచి, గ్రౌండు అవతలి పొయ్యి సంగతి ఇంకా తెలియని కొత్తవాళ్ళ ఇంట్లోంచి వస్తోంది. మాస్కు కట్టుకొని, కర్ర తీసుకొని వెళ్ళి తలుపు తట్టాను.

"ఎవలు?" లోపలినుంచి ఆడమనిషి గొంతు.

"దేవదానం కాక బిడ్డను. తలుపు తియ్యి."