మా ఇద్దరి ఐపీ

మా వైపు అప్పులిచ్చేవాళ్లకు ఒక మంచి అలవాటుంది. మొగుడు అప్పడిగితే పెళ్లాం మొహం చూస్తారు. ఆ పెళ్లాం గవర్నమెంటు టీచరైతే ఇక మొగుడి మొహం చూడాల్సిన పనే లేదు. మా ఆయన పెనుగంచిప్రోలు చుట్టుపక్కల మిర్చి కొని, కోల్డు స్టోరేజీలో పెట్టి, రేటు వచ్చాక అమ్మే వ్యాపారం చేసేవారు. దానికోసం రాసిన ప్రతి అప్పు నోటు మీదా ఆయన సంతకం కింద నా సంతకం ఉండేది. "ఊరికే, వాళ్ల తృప్తి కోసం" అనేవారు. నేను అట్లకాడ పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వాళ్లను తృప్తి పరిచేదాన్ని.

ఇంకాస్త ఆగితే రేటు పెరుగుతుందని ఆయన ఆగారు. రేటు మాత్రం ఆగకుండా పడిపోయింది. చివరికి జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ లాయరు దగ్గరికి వెళ్లాం, అప్పులు తీర్చడం ఇక మావల్ల కాదని కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టడానికి.

"కలిపి పెడదామా, విడివిడిగానా?" అన్నారు లాయరుగారు, హోటల్లో ఇడ్లీ మీద సాంబారు పొయ్యమంటారా, విడిగా తెమ్మంటారా అని అడిగినంత మామూలుగా.

"నేనొక్కణ్ణే పెడతానండి. తనది గవర్నమెంటు ఉద్యోగం, మచ్చ రాకూడదు" అన్నారు మా ఆయన.

పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నా గురించి అంతగా ఆలోచించడం అదే మొదలు. నాకు కళ్లు చెమర్చాయి కూడా. మా బావగారైతే ఫోన్లోనే తేల్చేశారు: "ఇద్దరూ పెడితే పరువు మొత్తం పోద్దమ్మాయ్. వాడొక్కడే పెడితే సగమే పోద్ది."

తిరుగు బస్సులో కళ్లు ఆరాక బుర్ర పనిచేసింది. ఆయన చేతులెత్తేస్తే నోట్ల మీద మిగిలేది నా సంతకమే. అంటే మిగిలిన సగం పరువూ, మొత్తం అప్పూ నాకు. ఆ మాటే అడిగితే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీకు జీతం వస్తుందిగా" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఆయన సంతకం చెయ్యడానికి మళ్లీ నందిగామ వెళ్లింది రెండో శనివారం. మాట ఎలా పొక్కిందో గానీ, అప్పులవాళ్లు వచ్చి మా ఇంటిముందు వంటావార్పు పెట్టారు. డబ్బు ఎగ్గొడతారని అనుమానం వస్తే ఇలా గుమ్మం ముందే పొయ్యి వెలిగించి వండుకు తినడం మా దగ్గర మామూలే. అన్నీ తెచ్చుకుని ఉప్పు మర్చిపోయారట, నన్నే అడిగారు. అప్పు తీర్చలేనిదాన్ని, ఉప్పైనా ఇవ్వకపోతే ఏం బాగుంటుంది? ఇచ్చాను.

చిల్లకల్లు నుంచి వచ్చిన పెద్దావిడ మాత్రం పొయ్యి దగ్గరికి పోలేదు. కూలికెళ్లే మనిషి, గేదెల్ని అమ్మిన డబ్బు మాకిచ్చింది. వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"నేనేమన్నా ఆయన్ని చూసి ఇచ్చానా? ఐపీ పెట్టుకుంటే పెట్టుకోనీ. నువ్వున్నావుగా టీచరమ్మా" అంది.

వంటావార్పు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, అప్పుడే మా ఆయన ఫోన్ చేశారు.

"కాయితాలు రెడీ. సంతకం పెట్టి వచ్చేస్తా. వాళ్లేం వండుతున్నారు?"

"ఉప్మా."

"నాక్కూడా కాస్త ఉంచు."

"విడిగా పెట్టుకుంటున్నారుగా, విడిగానే తినండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నా పేరు కూడా రాయించండి. లేదంటే ఇంటికి రావద్దు. ఉద్యోగానికి మచ్చొస్తే నేను పడతా."

ఆయన నెమ్మదిగా, "సరే, కలిపే పెడదాం" అన్నారు.

ఆయన్తో వాదించి నేను గెలిచిన సందర్భాలు లేవు. ఆ సంతోషంతోనే పక్కకు తిరిగాను. పెద్దావిడ నన్నే చూస్తోంది.

"నువ్వు కూడా పెట్టేస్తున్నావా?"

తలూపాను.

"అయితే నాకెవరున్నారు టీచరమ్మా?"

ఎవరో ఉప్మా ప్లేటు తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టారు. ఆమె దాన్ని నా వైపు జరిపి, లేచి, చిల్లకల్లు ఆటోల దగ్గరికి నడిచింది.