వదిన అరుపు

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆమెను అందరూ వదిన అనేవారు. మరిది గిటారు వాయించేవాడు. అతని స్నేహితులందరికీ ఆమె వదినే.

మూతపడ్డ చెప్పుల ఫ్యాక్టరీ సెల్లార్‌లో ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లు చేరేవారు. చిరిగిన స్పీకర్లు, శ్రుతి తప్పిన గిటారు, పనిలో నోరెత్తలేని పాతిక ముప్పై మంది. తమ సంగీతానికి వాళ్లు పెట్టుకున్న పేరు రొద. భర్త లిఫ్టు గుంతలో పడి చనిపోయిన కొన్నాళ్లకు మరిది ఆమెను బలవంతంగా అక్కడికి తీసుకెళ్లాడు. శవం ముందు కూడా కంటతడి పెట్టని మనిషి, మైకు పట్టుకుని అరిచింది. మాటల్లేవు. అరుపు ఆగేసరికి గోడకు ఆనుకున్న వెల్డరు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆ తర్వాత ఆమె ఒక్క ఆదివారం మానలేదు.

సంగతి బయటికి పొక్కింది. ఒక మ్యూజిక్ కంపెనీవాళ్లు వచ్చి, మెట్ల మీద రుమాళ్లు పరుచుకుని కూర్చుని విన్నారు, రికార్డు చేసుకున్నారు. వాళ్లిచ్చిన ఒప్పందం మీద మరిది సంతకం పెట్టేశాడు.

ఒకరోజు లాండ్రీలో పక్కామె ఫోను మోగింది. వదిన అరుపే. దాని కింద హుషారైన దరువు తగిలించారు.

"భలే ఉంది కదూ? మా పిల్లలు దీనికే ఎగురుతున్నారు," అంది పక్కామె. వదిన తడి దుప్పటి పిండుతూనే ఉంది.

ఇంటికొచ్చి మరిదిని నిలదీసింది.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావని... వదినా, ఊరంతా నిన్ను వింటోంది!"

"మీ అన్న కోసం ఏడ్చాన్రా. ఊరు గంతులేస్తోంది."



రొద పేరుతో టీషర్టులొచ్చాయి, శిక్షణ తరగతులొచ్చాయి. వేదికల మీద అరవడానికి కంపెనీ ఇంకో అమ్మాయిని చూసుకుంది. గొంతు బొంగురుపోకుండా అరవడం ఆ పిల్లకు తెలుసు. సెల్లార్‌లోకి కెమెరాలతో కొత్తవాళ్లు దిగారు. ఏడుస్తుంటే ఎవరో వీడియో తీశారని వెల్డరు రావడం మానేశాడు. మెల్లగా పాతవాళ్లంతా జారుకున్నారు. కొన్నాళ్లకు జనానికి మోజు తీరింది, కంపెనీ మరిదిని వదిలించుకుంది. సెల్లార్‌లో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

ఒక మధ్యాహ్నం మరిది వంటింట్లోకి గిటారు తెచ్చాడు.

"మనిద్దరమేగా వదినా. ఒక్కసారి అరవవా."

ఆమె పొయ్యి ఆపి నోరు తెరిచింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

"రావట్లేదురా. నోరు తెరిస్తే వాళ్లు కలిపిన దరువే వినిపిస్తోంది."

"పోనీ తిట్టయినా తిట్టు."

"తిట్టి ఏం చేసుకోను? తిను, చల్లారిపోతుంది."

అతను కంచం ముందు తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె ఇంకోసారి చెప్పలేదు. చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.