కొవ్వొత్తి బొమ్మ కింద ఇండ్లు

ఆ ఇండ్ల బ్రోకర్ ఏది చెప్పినా ముందు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, కాసేపు కళ్లు మూసుకునేటోడు. సరిహద్దుల పేలుడు జరిగి జవాన్లు చనిపోయిన నాడు, కొత్తగూడెంల మా క్వార్టర్ల ముందు అందరికీ కొవ్వొత్తులు పంచి, అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతనే. మా ఆయన బొగ్గుబాయిల రిటైరై క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ముక్కూ మొహం తెలియనోళ్ల కోసం గట్ల ఏడ్చిన మనిషి మమ్మల్ని మోసం చెయ్యడనుకుని, భద్రాచలంల అతను చూపించిన ఇల్లే కొన్నం.

"గోదారి ఇటు దిక్కు రాదక్కా" అన్నడు, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

మొదటి వానలకే గోడ చెమ్మగిల్లి కొత్త సున్నం పెచ్చులూడింది. కింద ఎర్ర రంగు గీత బయటపడ్డది. వరద నీళ్లు ఎంత ఎత్తు వచ్చినయో గుర్తుండాలని పాత ఇంటోళ్లు గీసుకున్న గీత అది. నా తల కంటే పైన ఉంది. ఫోన్ చేసి అడిగితే "నాకూ బాధగనే ఉందక్కా" అని పెట్టేసిండు. ఆనాటి ఏడుపు అబద్ధమని ఇప్పటికీ అనలేను. నాకు మండేది అందుకే.

ఏటా ఆ జవాన్లు పోయిన రోజున అతను వాట్సాప్ గ్రూపుల కొవ్వొత్తి బొమ్మ పెడతడు, దాని కిందనే అమ్మకానికున్న ఇండ్ల ఫోటోలు పెడతడు. ఈసారి మా పక్కిల్లు పెట్టిండు. అక్కడికి వరద వస్తదా అని ఎవరో అడిగిన్రు.

"మా అక్క ఆ పక్కింట్లనే ఉంటది" అని జవాబు రాసిండు. "మునిగే చోటయితే ఆమె కొంటదా?"