మోట తొట్టిలో మహానంది

కోడుమూరు చుట్టుపక్కల ఏ బావిలో బిందె పడినా, ఖర్మ కాలి మనిషే పడినా మహానందికి కబురు పోయేది. మా సీమ బావులు పైనుంచి తొంగి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. మహానంది గోచీ బిగించి, మొలకు తాడు కట్టుకొని దూకేవాడు. తాడు రెండో కొస ఆయన భార్య నాగక్క చేతిలో ఉండేది. ఆమె పైన నిలబడి ఒకటి, రెండు అని గట్టిగా లెక్కబెట్టేది. వంద దాటకముందే మహానంది తల తేలాలి. ముప్పై ఏళ్లు వాళ్ల కాపురం అట్లా లెక్కల మీదే నడిచింది.

నా పేరు అల్లా బాషా. కర్నూల్లో ఫోటో స్టూడియో నాది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజుల్లో, మద్రాసు నుంచి దిగిన గుమాస్తాల కుటుంబాలతో నాకు ఊపిరాడేది కాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం మహానంది వచ్చి గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బాషప్పా, నీళ్లలో మునిగిన మనిషికి ఫోటో తీస్తావా?"

నాకు తిక్క రేగింది. "ఏమప్పా, నన్ను ఎగతాళి చేసే దానికి కోడుమూరు నుంచి వచ్చినావా?" అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పుడు చూశాను, మనిషి సగమైపోయి ఉన్నాడు.

సంగతేమంటే, ఆయన మనవరాలు మద్దమ్మ, ఏడేళ్ల పిల్ల, రెండు వారాల కిందట కాలు జారి బావిలో పడింది. మహానంది అక్కడే ఉన్నాడు గనుక వెంటనే దూకి, కాలు పట్టుకొని పైకి తెచ్చాడు. పిల్ల బతికింది. కానీ ఆ రోజు నుంచి తాత కనబడితే కెవ్వుమని అరిచి అవ్వ వెనక దాక్కుంటోంది. బావిలో తన కాలు పట్టుకున్నది తాత కాదట, దెయ్యమట. బుగ్గలు ఉబ్బి, గుడ్లు వెళ్లుకొచ్చి, జుట్టు పైకి లేచిన మొహమట. అదే తాత వేషం వేసుకొని పైకొచ్చి ఇంట్లో తిరుగుతోందట.

"నీళ్లు తాగల్యాప్పా బిడ్డ," అన్నాడు మహానంది. "గలాసులో గూడా ఆ మొహమే కనపడతాదంట. నాగక్క బతిమాలితే మజ్జిగ రెండు గుటకలు తాగుతాది. దర్గాలో తాయెత్తు కట్టిచ్చినాం. యాపమండలతో కొట్టిచ్చినాం. నిన్న వాళ్లవ్వతో అనిందంట, దెయ్యానికి ఫోటో పడదు, తాతను నీళ్లలో ఫోటో తీపిచ్చు, పడితే నమ్ముతా అని."

"పడకపోతే?" అన్నాను, నా నోరు పడిపోను.

ఫోటో చెడిపోవడానికి నూరు కారణాలుంటాయి. వెలుగు చాలక, మందు పాతదై, చెయ్యి వణికి, ఎట్లాగైనా చెడిపోవచ్చు. ఆ పిల్లకు మాత్రం ఒకటే కారణం తెలుసు.

కల్లూరు దగ్గర ఒక తోటలో బావి నుంచి ఎద్దులు లాగే మోట నీళ్లు పడే రాతి తొట్టి ఉండేది. పొడుగ్గా మనిషి పడుకోవచ్చు, లోతు మోకాలు దాటదు. అక్కడే తీద్దామనుకున్నాం. పని అయ్యేదాకా నాగక్క, పిల్ల కూడా వచ్చి ఆ తోటలోనే దిగారు. ఏ కెమెరాతో అన్నదే నన్ను తినేసింది. నా దగ్గర రెండున్నాయి. ఒకటి డబ్బా కెమెరా, టక్కుమంటే అయిపోతుంది. రెండోది టేకు చెక్క పెద్ద కెమెరా. దాంట్లో మందు పూసిన గాజు పలక పెట్టి, మూత తీసి, మనసులో లెక్కబెట్టి, మళ్లీ మూత పెట్టాలి. అంతసేపూ ఎదుటి మనిషి కదలకూడదు. డబ్బా కెమెరా అయితే మహానంది ఎక్కువసేపు మునగక్కర్లేదు గదా అని దాన్నే పట్టుకొని, తొట్టి గోడెక్కి పైనుంచి ఎనిమిది ఫోటోలు లాగాను.

కడిగి చూస్తే ఎనిమిదింటికి ఎనిమిదీ తెల్లటి మరకలే! నీళ్ల మీద ఆకాశం తళతళమని, కింద మనిషి ఉన్న జాడే లేదు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి నీళ్లు అద్దంలా మెరుస్తాయని మరిచిన నన్ను ఏ చెప్పుతో కొట్టాలి? నాగక్కతో రీలు చెడిపోయిందని అబద్ధమాడాను. ఆమె వెనక నిలబడి పిల్ల వింది. "పడల్యా గదా," అంది మెల్లగా. అంతే. ఆ పూట నుంచి మజ్జిగ కూడా మానేసింది, అందులోనూ నీళ్లే గదా అని. రెండు రోజులకు పెదాలు పగిలి రక్తం కారుతున్నాయని మహానంది పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు.

ఒక ఆఫీసరు దగ్గర చురుకైన జర్మనీ కెమెరా ఉందని తెలిసి పోయి అడిగాను. నీళ్ల మాట ఎత్తగానే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి పెట్టె మూసేశాడు. ఇక నాకు పెద్ద కెమెరానే దిక్కు.

కిరసనాయిలు డబ్బా అడుగు కోయించి, అక్కడ కిటికీ అద్దం బిగించి, అంచులకు లక్క పూశాను. ఆ అద్దాన్ని నీళ్లలోకి కొంచెం ముంచితే అలలూ మెరుపూ పోయి అడుగు తేటగా కనబడింది. తొట్టి మీద రెండు చెక్కలు అడ్డం వేసి, కెమెరాను బోర్లా కట్టి, దాని కన్ను డబ్బా మూతిలో పెట్టాను. మెరుపు రాకుండా చుట్టూ నల్లగుడ్డ కప్పాను. గుడ్డ కప్పితే వెలుగు తగ్గింది. ఇరవై లెక్కబెడితేగానీ బొమ్మ పడదు.

ఇంకో చిక్కు వచ్చింది. గుండెల నిండా ఊపిరి పట్టిన మనిషి మోకాలి లోతులో అడుగున ఉండడు, తేలిపోతాడు. మహానంది తనే పోయి, తోటలో బట్టలుతికే కడప బండ ముక్కను మోసుకొచ్చాడు. "దీన్ని ఎదమింద పెట్టప్పా," అన్నాడు.

"వద్దు మహానందీ. లేవలేకపోతే?"

"నువ్వు డబ్బా తట్టు, లేస్తా. తట్టేదాంక కదలను. కదిల్తే మొహం చెరిగిపోతాదని నువ్వే చెప్తివి గదా."

నాగక్క పిల్లను చంకనెత్తుకొని దూరంగా గట్టు మీద నిలబడింది. పిల్ల మొహం అవ్వ భుజంలో దాచుకొని ఒక కన్నుతోనే చూస్తోంది. మహానంది తొట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. నేను బండ పెట్టాను. నాగక్క అలవాటు కొద్దీ మొదలుపెట్టింది: "ఒకటి... రెండు..."

నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే అంతా బురదే. ఆయన పడుకోగానే అడుగున మట్టి లేచింది. ముప్పై అన్నా తేరుకోలేదు. యాభై అన్నా లేదు. అరవై ఐదు దగ్గర, ఆ కెమెరాలో ఎప్పుడూ కనబడేట్టే తలకిందులుగా, మొహం బయటపడింది. కళ్లు తెరిచి సూటిగా నన్నే చూస్తున్నాడు. గబగబా గాజు పలక దూర్చాను. పలక పెట్టాక ఇక లోపల ఏం జరుగుతున్నదీ నాకు కనబడదు. కింద మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు. మూత తీసే వేళకు నాగక్క లెక్క ఎనభై ఐదు దగ్గర ఉంది.

నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆమె వంద అని ఆగిపోయింది. ఆపైన లెక్కబెట్టడం ఆమెకు ఎప్పుడూ పనిపడలేదు. నా లెక్క పదిహేను. పదహారు దగ్గర డబ్బా అద్దానికి బుడగలు తగులుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడే మూత పెట్టేసి ఆయన్ను లాగాల్సింది. నేను లాగలేదు. పదిహేడు, పద్దెనిమిది అని లెక్కబెట్టాను. ఎందుకు లెక్కబెట్టానో దేవుడు అడిగితే ఏం చెప్పాలో నాకు ఈరోజుకీ తెలియదు. ఇరవై. మూత పెట్టి డబ్బా తట్టాను. మహానంది లేవలేదు. మళ్లీ తట్టాను. లేవలేదు.

"అన్నా!" అని నాగక్క అరిచింది. తొట్టిలోకి దూకి, బండ పక్కకు నెట్టి, జుట్టు పట్టుకొని లేపాను. మహానంది నోట్లోంచి, ముక్కులోంచి నీళ్లు. వీపు మీద ఎన్నిసార్లు గుద్దానో! చివరికి దగ్గి, ఊపిరి తీసుకొని, ఎర్రటి కళ్లతో నా వైపు చూసి మొట్టమొదట అడిగిన మాట, "పడిందా?"

అల్లా దయవల్ల పడింది. మరుసటి పొద్దున కాగితం మీద అచ్చు తీసి చూశాను. ఉబ్బిన బుగ్గలు, వెళ్లుకొచ్చిన గుడ్లు, లేచి ఆడుతున్న జుట్టు, ముక్కు పక్కన బుడగ. దెయ్యం కూడా ఇంతకన్నా నయంగా ఉంటుంది. గుమాస్తాల పెళ్లాల మొటిమలు చెరిపే పెన్సిల్ తీసి, ఆ కళ్లను కొంచెం మెత్తబరుద్దామని కూర్చున్నాను. నా భార్య దౌలత్ బీ వెనక నుంచి పెన్సిల్ లాక్కుంది.

"ఆ బిడ్డ చూసిండేది ఈ మొహాన్నే. నువ్వు దిద్దితే ఇది మా తాత గాదు అంటాది. అప్పుడేం చేస్తావు?"

దిద్దకుండానే ఇచ్చాను. స్టూడియోలో నాగక్క కొంగు పట్టుకొని నిలబడింది మద్దమ్మ. మహానంది గడప బయటే ఉండిపోయాడు, లోపలికొస్తే పిల్ల అరుస్తుందని. నేను ఫోటో పిల్ల చేతిలో పెట్టి, అది ఎప్పుడు విసిరికొడుతుందా అని బిక్కచచ్చి చూస్తున్నాను.

విసరలేదు. కళ్ల దగ్గరికి తెచ్చుకొని చూసింది. పగిలిన పెదాలు కదిలాయి. ఫోటోలోని కళ్ల మీద వేలు పెట్టి, బయటికి చూసి అడిగింది.

"తాతా, నీగ్గూడా భయమైందా?"

తాతా అని ఆ పిల్ల పిలిచి రెండు వారాలు దాటింది. మహానంది తలవంచుకున్నాడు.

"అయిందమ్మా. శానా అయింది."

"నీళ్లంటేనా?"

"నీళ్లంటే నాకేం భయం? ఆపొద్దు నువ్వు చేతికి దొరకవేమో అని. నిన్న, ఫోటో పడదేమో, ఇంక నువ్వు నా మొహం చూడవేమో అని." అంతే, ఆ ముసలి మనిషి గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దౌలత్ బీ గబుక్కున లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. మద్దమ్మ అవ్వ కొంగు వదిలిపెట్టింది. చెంబు అందుకొని, కళ్లు గట్టిగా మూసుకొని, లోపలికి చూడకుండా గడప దాకా నడిచింది. రెండు చేతులతో చెంబును తాత మూతి దగ్గర పెట్టింది.

"ముందు నువ్వు తాగు తాతా," అంది. "నువ్వు తాగినంక నేను తాగుతా."