నా వినాయకుణ్ని నేనే దొంగిలించిన రోజు

కొందరు దొంగతనం చేసి పోలీసులకు దొరికిపోతారు. నేను చేయని దొంగతనానికి నా కాళ్లతో నేనే నడిచివెళ్లి లొంగిపోయాను. నవ్వుకోండి, పర్వాలేదు. నంద్యాలలో మా వీధి వీధంతా ఇంకా నవ్వుతూనే ఉంది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మా బట్టల కొట్లో టీవీ షట్టర్‌తో పాటు లేచేది, షట్టర్‌తో పాటే పడుకునేది. వార్తలు తప్ప ఇంకేమీ పెట్టనిచ్చేవాణ్ని కాదు. చీర అడిగినవాళ్లకు తుఫాను ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి పంపేవాణ్ని. ఈ జబ్బు నాకు మా నాయన తల్లి, మా అవ్వ నుంచి వచ్చింది.

ఆ అవ్వే వీధి చివరి గుడికి వినాయకుణ్ని చేయిస్తానని మొక్కుకుంది. విగ్రహం ఆళ్లగడ్డలో తయారైంది. ఆ రోజు పదకొండున్నరకు జలాధివాసం, అంటే విగ్రహాన్ని నీళ్లలో ఉంచడం. తొలి బిందె అవ్వే పోయాలి. పోసేదాకా మంచినీళ్లు కూడా ముట్టనని కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. "బేగా రాప్పా, నాకు కళ్లు తిరుగుతాయి" అని మరీ పంపింది.

పొద్దున్నే ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పి ఆచారిగారు విగ్రహం కళ్లకు పసుపు గుడ్డ కట్టి, తెల్ల వ్యానులో గడ్డి పరిచి పడుకోబెట్టించారు. డ్రైవర్ మస్తాన్ మా వీధివాడే. తిరుగు దారిలో శిరివెళ్లలో టీకి ఆగాం. ఆగకపోయి ఉంటే నా పరువు దక్కేది.

టీ కొట్లో టీవీ మోగుతోంది. తెల్ల వ్యానులో గడ్డి కింద వినాయకుడి విగ్రహం దాచుకుని దొంగలు పారిపోతున్నారట. టీవీని చూశాను. బయట మా వ్యానును చూశాను. మళ్లీ టీవీని చూశాను.

"మస్తానన్నా, మన కోసమే వెతుకుతాండారు."

"మనమేం చేసినాం?"

"అదే నాకూ తెలీడంల్యా."

నీ విగ్రహం నువ్వే చేయించుకున్నావు కదా అన్నాడు మస్తాన్. నిజమే. మూడు నెలలపాటు వారం వారం వెళ్లి, తొండం ఎటు తిరగాలో కూడా నేనే చెప్పాను. కానీ టీవీవాళ్లకు మనకు తెలియనివి తెలుస్తాయి కదండీ. ఆచారిగారికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఐదు నిమిషాలకోసారి 'ఇప్పుడే అందిన వార్త' అంటూ అదే వ్యాను. నాలుగోసారి చూసేసరికి, నేనే ఎప్పుడో దొంగిలించి మర్చిపోయానేమో అనిపించింది. నిజంగా భయమేసింది. దారిలో కనిపించిన మొదటి పోలీస్ స్టేషన్ దగ్గర వ్యాను ఆపించాను.

"ఈ విగ్రహం నీదేనా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"నాదే అనుకుంటాండా సార్. టీవీలో వేరేగా చెప్తాండారు."

ఆయన లేచివచ్చి, వినాయకుడి బొజ్జ మీద వేలితో గీశాడు. రాతిపొడి తెల్లగా అంటింది. గుళ్లో కొలిచిన విగ్రహమైతే నూనె జిడ్డు ఉంటుందట. టీవీలోది వేరే రాష్ట్రంలో నాలుగు రోజుల కిందటి దొంగతనమట. "ఇంటికి పో నాయనా" అన్నాడు విసుగ్గా.

ఈలోగా గుమ్మంలో ఉన్న ఒక విలేకరి తన పని తాను కానిచ్చేశాడు. స్టేషన్ టీవీలో నా తల చుట్టూ ఎర్ర గీత గుండ్రంగా తిరుగుతోంది. కింద 'లొంగిపోయిన విగ్రహాల దొంగ' అని రాసి ఉంది.

పదకొండుంబావుకు వ్యానును గుడి దగ్గర వదిలి ఇంటికి పరుగెత్తాను. అవ్వ ఎండిన పెదాలతో టీవీ ముందు కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అవ్వా, లేయ్. టైమైపోతాంది."

ఆమె నా వైపు తిరగనైనా లేదు. "యాడికి లేచేది? మావాడు స్టేషన్లో ఉండాడు. లైవులో సూపిస్తాండారు. వాణ్ని వదిలేదాకా నేను కదలను."

"నేనే అవ్వా, ఈడనే ఉండా."

"అడ్డం తప్పుకోప్పా. వాడు కనపడ్డంల్యా."

టీవీ వైపు చూశాను. నేను స్టేషన్లోనే ఉన్నాను. పైన లైవ్ అని రాసి కూడా ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను, ఆ ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. వెళ్లి ప్లగ్గు పీకేశాను.

అవ్వ కళ్లు తుడుచుకుని, తల తిప్పి, నన్ను నిదానంగా కిందినుంచి పైకి చూసింది.

"వచ్చినావా నాయనా. ఎప్పుడు వదిలినార్రా?"

ముహూర్తానికి మూడు నిమిషాలుండగా బిందె పోసింది, మంచినీళ్లు తాగింది. నేను ఆ తడిసిన వినాయకుడి ముందు చెంపలేసుకుని ప్రమాణం చేశాను: స్వామీ, నేనెక్కడున్నానో తెలుసుకోవడానికి ఇక జన్మలో టీవీ పెట్టను.