హెబ్బాళ ఫోన్ సభలో నా రెండో వాక్యం

ఉదయం ఐదు గంటలకు అనంతపురంలో బెంగళూరు బస్సు ఎక్కాను. హెబ్బాళ దగ్గర ఒక పెద్ద కంపెనీ కొత్త ఫోన్‌ను విడుదల చేస్తోంది. ఆ సభలో కూర్చుని, జరిగేది జరిగినట్టు ఒక తెలుగు వెబ్ పత్రికకు లైవ్ బ్లాగ్ రాయాలి. ఆ పత్రికలో ఒక్క ఉద్యోగం ఉంది. పోటీలో ఇద్దరం మిగిలాం; పత్రికలో చెరో పేజీ ఇచ్చారు. ఈ రోజు రాసినదాన్ని బట్టి సాయంత్రానికి తేలుస్తానని ఎడిటరు గారు అన్నారు.

రెండోవాడు పామిడి ఓబులేసు. కాలేజీ వాదోపవాద పోటీలలో నా జంట. వాడు వాదన ప్రారంభించేవాడు, నేను ప్రత్యర్థులను ఖండించేవాణ్ణి. కప్పు ఇద్దరికీ వచ్చేది, చప్పట్లు వాడికి వచ్చేవి.

రాప్తాడులో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన సర్దుకున్నాడు.

"యాడికప్పా ఇంత పొద్దున్నే?"

చెప్పాను.

"ఫోను చూసేకి బెంగళూరు పోతాండావా! ఆర్నెల్లు ఓపిక పడితే అదే మా అంగడికి వస్తాది కదప్పా," అని నవ్వి, తువాలు మొహం మీద కప్పుకుని నిద్రపోయినాడు.

బాగేపల్లి దగ్గర టిఫిన్‌కు ఆపారు. ఇడ్లీ బాగుంది, చట్నీ పలచన. సభకు వెళ్లదలచినవారు కండక్టరుకు ముందే చెప్పుకుంటే హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర దింపుతాడు. మెజెస్టిక్ బస్టాండు దాకా పోనక్కర లేదు.

పదిన్నరకు సభామందిరం చేరాను. ఓబులేసు ముందు వరుసలో ఉన్నాడు. నాకు వెనుక, స్తంభం పక్కన చోటు దొరికింది. దీనికి కారణం నా సిద్ధాంతమే. సభకు ముందు బయటపెట్టబోమని మాటిచ్చిన విలేకరులకు కంపెనీ ముందు రోజే వివరాలన్నీ పంపి, హోటల్లో గది, ముందు వరుసలో చోటు కూడా ఇస్తుంది. ముందే చదివి రాసుకున్నదాన్ని ప్రత్యక్ష కథనం అనడం న్యాయమా అని అడిగి, నేను నిరాకరించాను. ఓబులేసు ఒప్పుకున్నాడు.

సభ మొదలైంది. నా ఫోన్‌లో తెరిచి ఉంచిన వాడి పేజీలో వాక్యాలు ఒకదాని వెంట ఒకటి తీర్చిదిద్దినట్టు వెలువడుతున్నాయి. నేను ఒక ధర టైప్ చేసేలోగా వాడు దాన్ని పాత ఫోన్ ధరతో పోల్చి ముగించేవాడు.  

అప్పుడే అసలు ఘట్టం వచ్చింది. నెట్‌వర్క్ లేకుండా ఒక భాషలో మాట్లాడితే ఫోన్ ఇంకో భాషలో పలకాలి. వేదిక మీది ఆయన నొక్కాడు. తెర కదలలేదు. మళ్లీ నొక్కి, నవ్వి, కెమెరా సంగతికి వెళ్లిపోయాడు. అదే క్షణంలో ఓబులేసు పేజీలో, ముందే రాసి, ఆ సమయానికి దానంతటదే వచ్చేలా పెట్టి ఉంచిన వాక్యం వెలువడింది: "హర్షధ్వానాల మధ్య ఫోన్ తడబడకుండా అనువదించింది."

నాకు కలిగిన ఆనందం గురించి అబద్ధం చెప్పను. వెంటనే రాశాను: "వేదిక మీద అనువాదం జరగలేదు. జరిగిందని రాసినవారు ఏ సభలో కూర్చున్నారు?" మొదటి వాక్యం పాఠకుల కోసం. రెండోది వాడి కోసం.

భోజనాల దగ్గర వాడే వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆ రెండోది నాకే కదరా?"

"నీకే."

"బాగా కొట్టినావు లేరా. తప్పు నాదే."

పళ్లెం పక్కన పెట్టి, నా ముందే ఫోన్ తీసి రాశాడు: అనువాదం తాను చూడలేదని, ముందే రాసుకున్నదని, ఎత్తిచూపింది ఫలానా మిత్రుడని. అందులో నా పేరు పెట్టాడు. సాయంత్రానికి సభ సంగతి కన్నా ఆ నాలుగు వాక్యాలనే ఎక్కువ మంది పంచుకుంటున్నారు.

నాలుగు గంటల బస్సుకు నాతోనే వచ్చాడు. కొడికొండ చెక్‌పోస్టు దాటుతుండగా ఎడిటరు గారి ఫోన్ వచ్చింది. వాడికే.

"సార్... రేపే చేరమంటారా సార్? అట్లే సార్," అన్నాడు. నా వైపు చూసి, "మా వోడు ఎత్తిచూపకుంటే ఆ నాలుగు వాక్యాలు నేను రాసేవాణ్ణే కాదు సార్," అన్నాడు.

ఫోన్ పెట్టేశాడు. కిటికీ సీటు నాకిచ్చి, వాడు నడవ వైపు మారాడు. పెనుకొండ కొండ మీద వెలుగు తగ్గుతోంది. ఈ ప్రయాణంలో నేను నిజమే రాశాను, అప్పటికప్పుడు రాశాను, ఎవరికీ మాటివ్వకుండా రాశాను. అయినా నాకు వాడి ఉద్యోగం మీద కన్నా వాడి తప్పు మీదే అసూయగా ఉంది. అలాంటి తప్పు నేను చేసి ఉంటే, దాన్ని సమర్థించుకోవడానికి అనంతపురం దాకా వాదిస్తూనే ఉండేవాణ్ణి.