పక్క సీట్లో బ్రేకు

మా ఆయన కారు నేర్పే మాస్టారు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్క సీట్లో కూర్చుంటారు. అక్కడ ఆయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. అవతలివాళ్లు తడబడేలోపే దాని మీద ఈయన కాలు పడిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మనిషి పిప్పి అయిపోయి ఉంటారు. నాలుగు ముద్దలు తినిపించేసరికి నాకు తలప్రాణం తోకకొస్తుంది.

ఈమధ్య మరీ డీలా పడిపోయారు. ఆయన దగ్గర నేర్చుకుని, పరీక్ష మైదానంలో గట్టెక్కి లైసెన్సు తెచ్చుకున్న టీచరమ్మ, ఒంటరిగా కారు తీసిన వారంలోనే గోడను గుద్దేసింది. కాలు విరిగింది.

"ఆవిడకి బ్రేకెయ్యడం రాదే. ఇన్నాళ్లూ వేసింది నేను," అని మంచం మీద వాలిపోయారు. నాకు ఒళ్లు మండింది. లోకం తప్పులన్నీ ఈయన నెత్తినే వేసుకోవాలా!

ఇప్పుడు మా అమ్మాయి వంతు. సోమవారం నుంచి మందుల షాపు వ్యాను ఒంటరిగా నడపాలి. లైసెన్సయితే వచ్చింది గానీ, దానికి బ్రేకెయ్యడం వచ్చో రాదో నేర్పినాయనకే తెలియదు. ఆ బెంగతో ఆదివారం పొద్దున్నే దాన్ని కారు తియ్యమని, తను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అలాగైతే కాలు బ్రేకు మీదికి పోదట. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

"ఇదేం కూర్చోవడమండీ, కారులో తపస్సా?"

"నువ్వు కాసేపు ఊరుకోవే."

వంతెన దిగగానే ముందు వెళ్తున్న స్కూటరు కంకర మీద జారింది. దాని మీది ముసలాయన సరిగ్గా మాకు అడ్డంగా పడ్డాడు.

"ఏవండీ, బ్రేకు!" అని గావుకేక పెట్టాను. ఆయన కాళ్లు విప్పుకునేలోపే కారు ఆగిపోయింది. ఆపింది అమ్మాయి.

వెనక బళ్లవాళ్లకు తెలిసేలా లైట్లు మిణుకుమనేలా పెట్టి దిగింది. ముసలాయన మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. నేను నీళ్ల సీసాతో పరిగెత్తాను.

"అమ్మా, నోట్లో నీళ్లు పొయ్యకు! ఊపిరికి అడ్డం పడతాయి. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!"

ఎవరో హెల్మెట్ లాగబోతే కసిరింది. "మెడకి దెబ్బ తగిలిందేమో, కదపకండి. ఊపిరి బాగానే ఆడుతోంది." శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమింది. "కదలకు తాతా, నేనిక్కడే ఉన్నా."

మా ఆయన తిమ్మిరెక్కిన కాళ్లతో కుంటుకుంటూ దిగి, వచ్చే బళ్లను పక్కకు మళ్లిస్తూ నిలబడ్డారు.

అంబులెన్సు వెళ్లాక అమ్మాయి తాళాలు వాళ్ల నాన్నకి ఇవ్వబోయింది. "నాన్నా, ఇంటికి నువ్వు నడుపు."

"నేను అలిసిపోయానమ్మా. నువ్వు తేరుకునేదాకా కూర్చుందాం. ఆ తర్వాత నువ్వే నడుపు."

బయల్దేరిన కాసేపటికి పక్క సీట్లోంచి గురక వినిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో, ఇంకొకరు బండి నడుపుతుంటే ఈయన కునుకు తియ్యడం నేను చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇల్లు వచ్చినా ఆపొద్దని, ఇంకో వీధి చుట్టి రమ్మని అమ్మాయికి సైగ చేశాను.